పాప్-అప్ విండోలు: స్వరూపం, భాష, సురక్షిత వినియోగం – పరిశోధకులకు ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అంతర్జాలంలో ఆకరాలు వెదికే పరిశోధకునికి అడుగడుగునా పాప్-అప్ విండోలు ఎదురవుతాయి. వాటిలో కొన్ని అవసరమైనవి, కొన్ని కేవలం విసుగు కలిగించేవి, మరికొన్ని హానికరమైనవి. ఈ మూడింటినీ వేరుచేసి చూడగలగడమే సురక్షిత వినియోగానికి మూలం. పాప్-అప్‌లు పుట్టిన తీరు, వాటి రకాలు, అవి పనిచేసే విధానం, మోసపు పాప్-అప్‌ల భాషాలక్షణాలు, అవి ఎదురైనప్పుడు పాటించవలసిన క్రమం, పొరపాటు జరిగితే చేపట్టవలసిన చర్యలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలకపదాలు: పాప్-అప్, బ్రౌజర్, నోటిఫికేషన్, డొమైన్, బెదిరింపు ప్రకటన, సైబర్ భద్రత, పరిశోధన ఆకరాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధన నేడు గ్రంథాలయాల బీరువాలతో పాటు కంప్యూటర్ తెరపైనా సాగుతున్నది. యు.జి.సి. 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేశాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగలో వివిధ విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు లభిస్తున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు గ్రంథాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఊరూరా తిరిగి సంపాదించవలసిన ముద్రణలు ఇప్పుడు గదిలో కూర్చున్న చోటికే వస్తున్నాయి.

అయితే కావలసిన పుస్తకం ప్రతిసారీ ఈ ప్రామాణిక స్థానాలలోనే దొరకదు. అలభ్యమైన ఒక శతకవ్యాఖ్యానం కోసమో, పాత పత్రిక సంచిక కోసమో వెదుకుతూ పోయే పరిశోధకుడు ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లకు చేరుతాడు. అక్కడ పుట తెరవగానే నాలుగైదు ‘డౌన్‌లోడ్’ బటన్లు కనిపిస్తాయి. వాటిలో అసలైనది ఏదో తెలియదు. ఒకటి నొక్కితే మరో విండో తెరుచుకుంటుంది. అందులో “మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది” అన్న హెచ్చరిక, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. ఆ క్షణంలో తీసుకునే నిర్ణయంపై చాలా విషయాలు ఆధారపడి ఉంటాయి.

పరిశోధకుని కంప్యూటర్‌లో ఉండేది కేవలం అతని సొంత సమాచారం కాదు. ఏళ్ల తరబడి సేకరించిన తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు, పాఠాంతరాల పట్టికలు, క్షేత్రపర్యటనలో రికార్డు చేసిన జానపద కళాకారుల గొంతులు, వారి పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఒక్కసారి ప్రవేశిస్తే ఈ శ్రమంతా చేజారిపోవచ్చు. గాయకురాలు మరణించిన తరువాత ఆమె పాటను మళ్లీ రికార్డు చేయడం సాధ్యం కాదు. తమ వివరాలను నమ్మకంతో ఇచ్చిన వక్తల గోప్యతను కాపాడటం పరిశోధకుని ధర్మం కూడా. కాబట్టి పాప్-అప్‌ల విషయంలో అవగాహన సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించిన అంశం కాదు, పరిశోధన విధానంలో అంతర్భాగం.

2. పాప్-అప్ – పుట్టుక, పరిణామం:

వాడుకరి అడగకుండానే, లేదా అతడు చేసిన ఒక చర్యను ఆసరా చేసుకొని, చూస్తున్న పుటపైన తెరుచుకొనే విండోను పాప్-అప్ అంటారు. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ భాష దీనికి సాంకేతిక భూమిక. ఒక వెబ్ పుట తనంతట తాను కొత్త విండోను తెరవగల సామర్థ్యం ఆ భాషతోనే వచ్చింది.

దీనిని ప్రకటనలకు వాడిన తొలివారిలో ఈతన్ జుకర్‌మన్ ఒకరు. 1990ల చివరి సంవత్సరాలలో ఆయన ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసేవారు. వాడుకరులు స్వయంగా పుటలు తయారుచేసుకొనే ఆ వేదికపై, అభ్యంతరకరమైన విషయం ఉన్న ఒక పుటలో తమ ప్రకటన కనిపించడం ఒక కార్ల కంపెనీకి నచ్చలేదు. ప్రకటనకూ పుటకూ సంబంధం లేదని చూపడానికి ప్రకటనను వేరే విండోలో తెరిచే ప్రోగ్రామును జుకర్‌మన్ రాశారు. 2014లో ‘ది అట్లాంటిక్’ పత్రికకు రాసిన వ్యాసంలో ఆయన ఈ సంగతి వివరించి, అందుకు క్షమాపణ చెప్పారు. ఒక చిన్న ఇబ్బందికి పరిష్కారంగా పుట్టిన ఉపాయం కొద్దికాలంలోనే ప్రపంచమంతటి వాడుకరులకు పెద్ద ఇబ్బందిగా మారింది.

దీనికి ప్రతిగా బ్రౌజర్లు నిరోధకాలను ప్రవేశపెట్టాయి. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు పాప్-అప్ నిరోధకం వచ్చింది. అదే ఏడాది నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్‌లోనూ ఈ సదుపాయం ఉన్నది. నేడు ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఇది ముందుగానే అమర్చబడి ఉంటుంది.

మరి నిరోధకం ఉండగా పాప్-అప్‌లు ఇంకా ఎందుకు కనిపిస్తున్నాయన్న ప్రశ్న సహజం. సమాధానం నిరోధకం పనిచేసే సూత్రంలోనే ఉంది. వాడుకరి ఏమీ చేయకుండా తెరుచుకొనే విండోను బ్రౌజర్ ఆపుతుంది. వాడుకరి నొక్కినందువల్ల తెరుచుకొనే విండోను మాత్రం అతని కోరిక మేరకు తెరుచుకున్నదిగా భావించి అనుమతిస్తుంది. దుర్బుద్ధి గల వెబ్‌సైట్లు ఈ సందును వాడుకుంటాయి. పుటలో ఎక్కడ నొక్కినా, ఖాళీ స్థలంలో నొక్కినా, మొదటి నొక్కుకు ప్రకటన తెరుచుకొనేలా అమర్చుతాయి. అందుకే కొన్ని పుటలలో అసలు బటన్ రెండోసారో మూడోసారో నొక్కితేగాని పనిచేయదు. ఈ లక్షణం కనిపిస్తే ఆ పుటను విడిచిపెట్టడమే మేలు.

3. పాప్-అప్‌లలో రకాలు:

వ్యవహారంలో అన్నింటినీ పాప్-అప్ అనే పిలుస్తున్నా, సాంకేతికంగా అవి వేర్వేరు. రకాన్ని బట్టి జాగ్రత్త కూడా మారుతుంది.

3.1 నిజమైన విండోలు: ఇవి బ్రౌజర్ తెరిచే వేరే విండోలు లేదా ట్యాబ్‌లు. వీటికి సొంత చిరునామా పట్టీ ఉంటుంది. ఫీజు చెల్లించేటప్పుడు తెరుచుకొనే బ్యాంకు పుట, గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే చిన్న విండో ఈ కోవకు చెందుతాయి. కాబట్టి పాప్-అప్‌లన్నీ చెడ్డవని తీర్మానించడం సరికాదు.

3.2 పుటలోని పొరలు: కుకీల అనుమతి అడిగే పట్టీలు, చందాదారులుగా చేరమని కోరే పెట్టెలు వేరే విండోలు కావు. అవి అదే పుటపై పరిచిన పొరలు. అందువల్ల పాప్-అప్ నిరోధకం వీటిని ఆపలేదు. వీటిపై కనిపించే ‘×’ గుర్తు కూడా పుట రాసినవారు గీసినదే. అది మూసివేతకు బదులు మరో లింకుగా పనిచేసే అవకాశం ఉంది.

3.3 బ్రౌజర్ సంభాషణ పెట్టెలు: పుటలోని ప్రోగ్రాము కోరగా బ్రౌజర్ చూపే చిన్న సందేశాలివి. వీటిలో సందేశం పంపిన సైటు పేరును బ్రౌజరే చూపిస్తుంది. లోపలి వాక్యం సైటుది, పైనున్న పేరు బ్రౌజర్ చెప్పినది అన్న తేడా గమనించాలి.

3.4 నోటిఫికేషన్లు: “ఈ సైటు నోటిఫికేషన్లు పంపాలనుకుంటున్నది” అని బ్రౌజర్ అడిగినప్పుడు ‘అనుమతించు’ నొక్కితే, ఆ సైటు తెరిచి లేనప్పుడు కూడా సందేశాలు వస్తాయి. క్రోమ్‌లో ఈ సదుపాయం 2015లో ప్రవేశించింది. మొబైల్‌లోనూ, కంప్యూటర్ తెర మూలనూ ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ సందేశాల వలెనే కనిపిస్తాయి. “మీరు రోబో కాదని నిరూపించడానికి అనుమతించు నొక్కండి” అంటూ ఈ అనుమతిని సంపాదించడం మోసగాళ్లకు పరిపాటి. రోబో కాదని నిరూపించుకోవడానికీ నోటిఫికేషన్ అనుమతికీ ఎలాంటి సంబంధమూ లేదు. ఈ దుర్వినియోగం పెరగడంతో 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, ఫిబ్రవరిలో క్రోమ్ ఇటువంటి అభ్యర్థనలను అణచిచూపే మార్పులు తెచ్చాయి. “ఒకసారి మూసివేసినా రోజూ ప్రకటనలు వస్తున్నాయి” అనే ఫిర్యాదు వెనుక తరచుగా ఉండేది ఎప్పుడో ఇచ్చి మరచిపోయిన ఈ అనుమతే.

3.5 బెదిరింపు ప్రకటనలు: కంప్యూటర్‌లో వైరస్ ఉన్నదని భయపెట్టి, దానిని తొలగించే సాఫ్ట్‌వేర్ పేరుతో డబ్బు వసూలు చేయడం వీటి లక్ష్యం. ఇవి అనామక సైట్లకే పరిమితం కావు. 2009 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ వెబ్‌సైటులోనే ఇలాంటి నకిలీ యాంటీవైరస్ ప్రకటన కనిపించింది. ఒక పేరున్న కంపెనీ వలె నటించి మోసగాళ్లు ఆ ప్రకటన స్థలాన్ని కొనుగోలు చేశారు. పేరున్న సైటులో కనిపించింది కనుక నిజమే అనుకోవడానికి వీలులేదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

4. “మాట ఎవరిది?” – గుర్తింపు సూత్రం:

తర్కశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించినా, ఆ మాట ఆప్తునిది కావాలన్న నియమం పెట్టింది. పాప్-అప్ విషయంలోనూ మొదటి ప్రశ్న ఇదే: ఈ మాట ఎవరిది? బ్రౌజర్‌దా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా, లేక పుట రాసిన వ్యక్తిదా?

గ్రంథ పరిష్కర్తలకు ఈ పని కొత్త కాదు. కావ్యంలో కవి రచనకూ ప్రక్షిప్తానికీ తేడాను వారు ఆధారాలతో నిర్ణయిస్తారు. తెరపై కూడా అటువంటి విభజన రేఖ ఒకటి ఉంది. చిరునామా పట్టీ బ్రౌజర్ అధీనంలో ఉంటుంది. దాని కింద కనిపించే ప్రతి అక్షరమూ, ప్రతి బొమ్మా, ప్రతి బటనూ పుట రాసినవారి అధీనంలో ఉంటుంది. కింది భాగంలో మైక్రోసాఫ్ట్ గుర్తును గానీ, బ్యాంకు ముద్రను గానీ, ప్రభుత్వ చిహ్నాన్ని గానీ ఎవరైనా అతికించవచ్చు. కనుక వాటికి ప్రామాణ్యం లేదు.

ఈ సూత్రం నుండి మూడు పరీక్షలు ఏర్పడతాయి.

మొదటిది చిరునామా పరీక్ష. చిరునామాలో మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుండి ఎడమకు చదవాలి. ‘శోధగంగ డాట్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ డాట్ ఏసీ డాట్ ఇన్’ అన్నదానిలో చివరనున్న ‘ఏసీ డాట్ ఇన్’ భారతీయ విద్యాసంస్థలకు కేటాయించినది, దానికి ముందున్న ‘ఇన్‌ఫ్లిబ్‌నెట్’ యజమాని పేరు. శోధగంగ అన్న మాట ఎడమవైపు ఉండి, చివర వేరే పేరు ఉంటే ఆ సైటు శోధగంగకు చెందదు. ప్రభుత్వ సైట్లకు ‘గవ్ డాట్ ఇన్’ ఉంటుంది. బ్యాంకులు ‘బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైటు మంచిదని కాదు. మన కంప్యూటర్‌కూ ఆ సైటుకూ మధ్య సమాచారం గుప్తంగా సాగుతున్నదని మాత్రమే దాని అర్థం. మోసగాని సైటుకు కూడా తాళం గుర్తు ఉండవచ్చు.

రెండవది కదలిక పరీక్ష. కొన్ని పుటలు లాగిన్ విండోను, దాని చిరునామా పట్టీతో సహా, బొమ్మగా గీసి చూపుతాయి. ఆ విండోను మౌసుతో పట్టుకొని బ్రౌజర్ అంచు దాటి లాగాలి. నిజమైన విండో బయటకు వస్తుంది. బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి మరో ఆధారం ఉంది. అది అసలు డొమైన్‌లో మాత్రమే పాస్‌వర్డును నింపుతుంది. ఎప్పుడూ నింపేది ఈసారి నింపలేదంటే అనుమానించాలి.

మూడవది సాధ్యాసాధ్య పరీక్ష. సాధారణ వెబ్ పుటకు వాడుకరి కంప్యూటర్‌లోని ఫైళ్లను చదివే అధికారం లేదు. అతడు స్వయంగా ఎంచి ఇస్తే తప్ప ఒక్క ఫైలునూ అది చూడలేదు. కనుక “మీ కంప్యూటర్‌ను తనిఖీ చేశాము, ఏడు వైరస్‌లు దొరికాయి” అని చెప్పే వెబ్ పుట అబద్ధం చెబుతున్నట్లే. కదులుతూ కనిపించే తనిఖీ పట్టీ కేవలం చిత్రం. అలాగే తమ హెచ్చరిక సందేశాలలో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా ప్రకటించింది. నంబరు ఉన్నదంటే అది ఆ సంస్థ హెచ్చరిక కాదని తేల్చుకోవచ్చు.

5. మోసపు పాప్-అప్ భాష:

సాంకేతిక ఆధారాలతో పాటు భాషాపరమైన ఆధారాలు కూడా గుర్తింపుకు తోడ్పడతాయి. భాషాధ్యయనం చేసేవారికి ఇది సులభసాధ్యం. ఈ సందేశాలలో ప్రధానంగా ఐదు లక్షణాలు కనిపిస్తాయి.

(అ) తొందర: “వెంటనే”, “ఇప్పుడే”, “ఇంకా రెండు నిమిషాలే” వంటి కాలవాచకాలు, తగ్గిపోతున్న గడియారం. ఆలోచనకు వ్యవధి లేకుండా చేయడమే దీని ప్రయోజనం.

(ఆ) భయం: “డేటా పోతుంది”, “ఖాతా స్తంభిస్తుంది”, “కేసు నమోదైంది” వంటి అనిష్టసూచకాలు. కంప్యూటర్‌ను ఆపవద్దు, విండోను మూయవద్దు అనే నిషేధార్థకాలు వీటితో తరచుగా కలిసి వస్తాయి. మూసివేతను నిషేధించే సందేశానికి మూసివేతే సరైన జవాబు.

(ఇ) ప్రలోభం: “అభినందనలు, మీరు ఎంపికయ్యారు” అనే బహుమతి వాక్యాలు. ఎవరు ఎంపిక చేశారో, ఏ పోటీలోనో చెప్పకపోవడం వీటి లక్షణం.

(ఈ) అధికారముద్ర: సంస్థల చిహ్నాలు, దోష సంఖ్యలు, సాంకేతిక పదాల గుంపు. అర్థం కాకపోవడమే ఇక్కడ ప్రామాణ్యంగా చలామణి అవుతుంది.

(ఉ) సిగ్గుపరచడం: “వద్దు, నాకు భద్రత అక్కరలేదు” అని నిరాకరణ బటన్‌పై రాయడం. కాదనేవారిని అవివేకులుగా చిత్రించే వాక్యనిర్మాణమిది.

తెలుగులో వచ్చే సందేశాలలో యంత్రానువాద ఛాయలు తరచుగా కనిపిస్తాయి. క్రియకూ కర్తకూ పొంతన లేకపోవడం, ఒకే వాక్యంలో ఏకవచన, గౌరవవాచక రూపాలు కలిసిపోవడం ఇందుకు నిదర్శనాలు. అయితే భాష తప్పుగా ఉంటే అనుమానించాలి గానీ, భాష బాగున్నంత మాత్రాన నమ్మరాదు. యంత్రానువాదం నానాటికీ మెరుగుపడుతున్నందున ఈ ఒక్క ఆధారంపై నిలబడటం ప్రమాదకరం.

ఈ ఎత్తుగడలను భారతీయ చట్టం కూడా గుర్తించింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాలు 13 రకాల ‘డార్క్ పాటర్న్’లను పేర్కొన్నాయి. కృత్రిమమైన తొందర కల్పించడం, సిగ్గుపరచి ఒప్పించడం, ప్రకటనను ప్రకటనలా కనిపించకుండా చేయడం, వైరస్ ఉన్నదని నమ్మించి నకిలీ సాధనానికి డబ్బు చెల్లింపజేయడం వాటిలో ఉన్నాయి.

6. పాప్-అప్ ఎదురైనప్పుడు పాటించవలసిన క్రమం:

మొదట చేతిని మౌసు నుండి తీయాలి. పుటలో ఎక్కడా నొక్కరాదు. సరే, వద్దు, ‘×’ అన్న బటన్లు మూడూ ఒకే చోటికి దారితీయవచ్చు. పైనున్న ట్యాబ్‌ను బ్రౌజర్ ఇచ్చిన గుర్తుతో గానీ, కంట్రోల్, డబ్ల్యూ కీలను కలిపి నొక్కి గానీ మూయాలి.

తెర మొత్తాన్ని ఆక్రమించి, పెద్దగా ధ్వని చేస్తూ కదలనివ్వని పుటలు కొన్ని ఉంటాయి. ఎస్కేప్ కీని కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే, లేదా ఎఫ్11 నొక్కితే సాధారణంగా తెర మామూలు స్థితికి వస్తుంది. రాకపోతే విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలతో టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ముగించాలి. మాక్ కంప్యూటర్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ కీలు ఈ పని చేస్తాయి. మొబైల్‌లో ఇటీవలి యాప్‌ల జాబితాకు వెళ్లి బ్రౌజర్‌ను తొలగించాలి. బ్రౌజర్‌ను మళ్లీ తెరిచినప్పుడు “పాత పుటలను పునరుద్ధరించాలా?” అని అడిగితే వద్దనాలి. లేకపోతే అదే పుట తిరిగి తెరుచుకుంటుంది.

ఈ సందర్భంలో చేయకూడనివి నాలుగు.
- తెరపై కనిపించిన నంబరుకు ఫోన్ చేయరాదు.
- అవతలివారు చెప్పారని ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి దూరనియంత్రణ సాధనాలను అమర్చరాదు. అవి స్వతహాగా మంచి సాధనాలే అయినా, అపరిచితునికి ఇస్తే కంప్యూటర్ తాళంచెవి అప్పగించినట్లే.
- అడగకుండా డౌన్‌లోడ్ అయిన ఫైలును తెరవరాదు. పుస్తకం కోసం వెళ్తే పీడీఎఫ్ రావాలి. దానికి బదులు ఈఎక్స్‌ఈ, ఏపీకే వంటి ఫైలు వచ్చిందంటే అది పుస్తకం కాదు, ప్రోగ్రాము.
- “రోబో కాదని నిరూపించడానికి విండోస్, ఆర్ కీలు నొక్కి, తరువాత కంట్రోల్, వీ నొక్కి ఎంటర్ చేయండి” అనే సూచనను పాటించరాదు. 2024 నుండి విస్తృతంగా కనిపిస్తున్న మోసమిది. పుట ముందే రహస్యంగా కాపీ చేసి ఉంచిన ఆదేశాన్ని వాడుకరి స్వహస్తాలతో నడిపించేలా చేయడమే ఇందులోని కిటుకు.

7. ముందుజాగ్రత్తలు:

7.1 అమరికలు: క్రోమ్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘సైట్ సెట్టింగ్స్’ ఉంటుంది. అందులో ‘పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్’ నిరోధించి ఉన్నదో లేదో చూడాలి. అక్కడే ‘నోటిఫికేషన్స్’లో అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. గుర్తులేని సైట్లన్నింటినీ తొలగించాలి. ఫైర్‌ఫాక్స్‌లోనూ గోప్యత, భద్రతల విభాగంలో ఇటువంటి అనుమతుల జాబితా ఉంటుంది.

7.2 మినహాయింపు: పరీక్ష రుసుము చెల్లింపు వంటి పనిలో పాప్-అప్ అవసరమైతే నిరోధకాన్ని మొత్తంగా తీసివేయనక్కరలేదు. చిరునామా పట్టీలో కనిపించే గుర్తును నొక్కి ఆ ఒక్క సైటుకే అనుమతి ఇవ్వవచ్చు.

7.3 ప్రకటన నిరోధకాలు: వెదుకులాట ఫలితాలలోని ప్రకటనల ద్వారా జరుగుతున్న మోసాలను ప్రస్తావిస్తూ, 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ప్రకటన నిరోధక ఎక్స్‌టెన్షన్లను వాడుకొమ్మని ప్రజలకు సూచించింది. అయితే ఎక్స్‌టెన్షన్‌కు పుటలన్నీ చదివే అధికారం ఉంటుంది. కాబట్టి బ్రౌజర్ అధికారిక స్టోర్ నుండి, పేరున్న దానినే తీసుకోవాలి. ఏదో పాప్-అప్ సూచించిన నిరోధకాన్ని అమర్చడం దొంగకు కాపలా అప్పగించడమే.

7.4 నవీకరణ: బ్రౌజర్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి. అయితే ఆ నవీకరణ బ్రౌజర్ మెనూ నుండే జరగాలి. “మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి” అని పుటలో వచ్చే సందేశం ద్వారా కాదు.

7.5 ప్రతుల భద్రత: సిద్ధాంతగ్రంథం, క్షేత్ర సేకరణలు మూడు ప్రతులుగా, రెండు భిన్న మాధ్యమాలలో ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి. బయటి హార్డ్ డిస్కును నకలు తీసుకున్న వెంటనే కంప్యూటర్ నుండి వేరుచేయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కులోని ఫైళ్లనూ రాన్సమ్‌వేర్ పాడుచేయగలదు. పూర్వం లేఖకులు ఒకే కావ్యానికి అనేక ప్రతులు రాసి వేర్వేరు చోట్ల ఉంచినందువల్లనే ఎన్నో గ్రంథాలు నేటివరకు నిలిచాయి. ఆ వివేకం ఇప్పటికీ వర్తిస్తుంది.

8. పొరపాటు జరిగితే:

కేవలం పాప్-అప్ కనిపించినంత మాత్రాన సాధారణంగా హాని జరగదు. నొక్కి, సమాచారం ఇచ్చి, లేదా ప్రోగ్రాము అమర్చి ఉంటే మాత్రం కింది క్రమాన్ని పాటించాలి.

ముందుగా అంతర్జాల సంబంధాన్ని తెంపాలి. దూరనియంత్రణ సాధనాన్ని తొలగించాలి. మరొక సురక్షితమైన పరికరం నుండి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చాలి. వీటిలో ఈమెయిల్ ముఖ్యం, మిగిలిన ఖాతాల పాస్‌వర్డులను దాని ద్వారానే మార్చవచ్చు గనుక. తరువాత కంప్యూటర్‌ను భద్రతా సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తనిఖీ చేయాలి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నిర్వహించే సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఇందుకు ఉచిత సాధనాలను అందిస్తున్నది.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు చేతులు మారకముందే మార్గమధ్యంలో నిలిపివేయడానికి ప్రతి నిమిషమూ విలువైనదే. బ్యాంకుకు కూడా వెంటనే తెలియజేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు లోపం గానీ ఖాతాదారుని లోపం గానీ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాలలో తెలియజేస్తే ఖాతాదారునిపై భారం పడదు. పాస్‌వర్డు, ఓటీపీ వంటివి తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టాన్ని అతడే భరించాలి. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. అందువల్ల తప్పు తనదే అయినా, సంకోచించకుండా త్వరగా తెలియజేయడం లాభదాయకం.

ఇతరుల వలె నటించి కంప్యూటర్ ద్వారా మోసగించడం సమాచార సాంకేతిక చట్టంలోని 66-డి సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తెరపై వచ్చిన సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచడం, లావాదేవీ సంఖ్యను భద్రపరచడం ఫిర్యాదుకు ఆధారాలవుతాయి.

9. అధ్యాపకుల పాత్ర:

కళాశాల ప్రయోగశాలలో ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడతారు. ఒక విద్యార్థి ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి, అదే లాగిన్‌ను వాడే తరువాతివారికి కూడా వర్తిస్తుంది. తరగతిలో ప్రొజెక్టర్‌పై పాఠం చెబుతుండగా అసభ్య ప్రకటన ప్రత్యక్షం కావడానికి తరచుగా ఇదే కారణం. విద్యార్థులకు పరిమిత అధికారాలు గల వేరే ఖాతాలు ఏర్పాటు చేయడం, నెలకొకసారి అనుమతుల జాబితాను పరిశీలించడం వల్ల ఈ ఇబ్బందిని చాలావరకు నివారించవచ్చు.

అంతకంటె ముఖ్యమైనది విద్యార్థులకు ఆకరాల దారి చూపడం. ప్రామాణిక గ్రంథాలయాల చిరునామాలు ముందే ఇస్తే వారు అనామక సైట్లకు వెళ్లే అవసరం తగ్గుతుంది. పరిశోధన పద్ధతుల బోధనలో ఆకరాల విశ్వసనీయత గురించి చెప్పేటప్పుడు ఈ అంశాన్ని కూడా చేర్చవచ్చు. మోసపోయిన విద్యార్థిని మందలిస్తే అతడు తరువాతిసారి విషయాన్ని దాచిపెడతాడు. దాచిన ప్రతి గంటా నష్టాన్ని పెంచుతుంది. చదువుకున్నవారు మోసపోవడం అవివేకం వల్ల కాదు. తొందరలో ఉన్నప్పుడు, భయపడినప్పుడు ఎవరి వివేచనైనా కాసేపు మందగిస్తుంది. మోసగాళ్లు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

10. ముగింపు:

పై వివరణ నుండి తేలిన అంశాలు:

- పాప్-అప్‌లన్నీ ఒకటి కావు. విండో, పుటలోని పొర, బ్రౌజర్ పెట్టె, నోటిఫికేషన్ అన్న తేడా తెలిస్తే తగిన చర్య తెలుస్తుంది.
- చిరునామా పట్టీ కింద కనిపించేదంతా పుట రాసినవారి మాట. చిహ్నాలు, ముద్రలు ప్రమాణాలు కావు.
- వెబ్ పుట కంప్యూటర్‌లో వైరస్‌లను వెదకలేదు. ఫోన్ నంబరుతో వచ్చే వైరస్ హెచ్చరిక మోసమే.
- తొందర, భయం, ప్రలోభం, అధికారముద్ర, సిగ్గుపరచడం మోసపు సందేశాల భాషాలక్షణాలు.
- పుటలోని బటన్లను నొక్కకుండా ట్యాబ్‌ను లేదా బ్రౌజర్‌ను మూయడమే సురక్షితం.
- పరిశోధన సామగ్రికి విడిగా ప్రతులు ఉండాలి. నష్టం జరిగితే 1930కి, బ్యాంకుకు వెంటనే తెలియజేయాలి.

ఒక పాఠాన్ని అంగీకరించే ముందు దాని కర్తను, ఆధారాన్ని, ప్రయోజనాన్ని విచారించడం సాహిత్య పరిశోధకునికి నిత్యకృత్యం. తాళపత్రంపై చూపే ఆ శ్రద్ధనే తెరపై ప్రత్యక్షమయ్యే ప్రతి విండోపైనా చూపగలిగితే, పరిశోధకుని శ్రమతో పాటు, అతనిని నమ్మి తమ పాటను, మాటను అప్పగించిన వారి విశ్వాసం కూడా భద్రంగా ఉంటుంది.